అల్లుడి నోట్లో ఎనభై

సర్వర్లను సెట్ చేసే ఆన్సిబుల్ ప్లేబుక్‌లో తప్పు దొర్లితే చాలా వెర్షన్లలో తెర మీద వచ్చే సందేశం వాస్తు పండితుడి మాటలా ఉంటుంది. దోషం ఫలానా ఫైలులో, ఐదో వరుసలో, మూడో అక్షరం దగ్గర ఉన్నట్టుందట. అయితే ఆ ఫైలులోనే మరెక్కడైనా కూడా ఉండొచ్చట. పండితుడికైతే దక్షిణతో సరిపోతుంది. ఇక్కడ నిద్ర సమర్పించుకోవాలి.

దోషం చాలాసార్లు ఖాళీలోనే ఉంటుంది. ప్లేబుక్ రాసే యామెల్‌లో వరుసను లోపలికి జరపడానికి స్పేసే కొట్టాలి, ట్యాబ్ పనికిరాదు. కంటికి రెండూ ఒకటే శూన్యం. కనిపించని అక్షరాలను ఎడిటర్‌లో చూపించమనడం, నడిపే ముందు సింటాక్స్ చెక్ చేయించడం ఇందుకు మందు. తర్వాతి వంతు కోట్స్‌ది. నార్వే దేశపు రెండక్షరాల కోడ్ ‘ఎన్ ఓ’ను కోట్స్ లేకుండా రాస్తే, యామెల్ 1.1 పద్ధతిలో నార్వే కాస్తా ‘కాదు’ అయి కూర్చుంటుంది. సర్వర్లను ఇలా ఫైళ్లతో సెట్ చేసే విద్యకు ఆద్యమైన సీఎఫ్‌ఇంజిన్‌ను మార్క్ బర్జెస్ 1993లో రాసింది ఆ నార్వేలోనే, ఓస్లోలో. పుట్టిల్లనే గౌరవం కూడా లేదు.

ఫైలు అనుమతులు మరో రకం. ముందు సున్నా, చుట్టూ కోట్స్ లేకుండా ఉత్త 644 అని రాస్తే ఆన్సిబుల్ దాన్ని మామూలు పదుల లెక్కలో చదువుకుంటుంది. ఎనిమిదుల లెక్కలో అది 1204. అంటే ఫైలు యజమాని అందులో రాయగలడు గాని చదవలేడు. వీధిన పోయేవాడు మాత్రం హాయిగా చదువుకోవచ్చు. ‘0644’ అని కోట్స్‌లో పెట్టి రాస్తే యజమానికీ చదివే హక్కు దక్కుతుంది.

వీటన్నిటికీ తలదన్నేది వేరియబుల్. ఫైలులో పోర్టు 8080 అని ఉంటుంది, సర్వరు 80 మీద కూర్చుని ఉంటుంది. ఫైలు మూసి మళ్లీ తెరిచి చూసినా 8080యే. కారణం, విలువలు వచ్చే చోట్లకు ఆన్సిబుల్ డాక్యుమెంటేషన్‌లో 22 మెట్ల వరుస ఉంది. పై మెట్టు మాట కింది మెట్టు మాటను కొట్టేస్తుంది. ఇరవై రెండు నోళ్లంటే అది ఉమ్మడి కుటుంబమే. రోల్ డిఫాల్ట్స్ తాతగారు. పడక్కుర్చీలోంచి అన్నిటికీ ఓ మాట చెప్పి ఉంచుతారు, ఎవరూ నోరెత్తకపోతే అదే చెల్లుతుంది. ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. గ్రూప్ వేరియబుల్స్ పెదనాన్న: “మనింట్లో అందరికీ ఇంతే.” హోస్ట్ వేరియబుల్స్ కన్నతల్లి: “అందరి సంగతీ నాకెందుకు బావగారూ, మావాడికి మాత్రం కారం తక్కువ.” పెదనాన్న ఓడిపోతాడు. ప్లే వేరియబుల్స్ పెద్దకోడలు, తాళంచెవులు ఆవిడ కొంగున ఉంటాయి కాబట్టి తల్లి మాటా సాగదు. రోల్‌లోనే తాతగారి పక్కగదిలో వార్స్ అనే ఫోల్డరు ఉంటుంది. అది బామ్మగారు. గొంతు బయటికి వినపడదు, కోడలు మాత్రం ఆవిడను దాటలేదు. సెట్ ఫ్యాక్ట్ మేనత్త. పని సగంలో ఉండగా వచ్చి ఓ మాట అనేసి పోతుంది, ఇక ఆ పూటంతా అదే వేదం. అందరికీ పైన, 22వ మెట్టు మీద, కమాండు లైనులో ఇచ్చే ఎక్స్‌ట్రా వేరియబుల్స్. ఆయన సంక్రాంతికి వచ్చిన అల్లుడు. ఇంటి కాగితాల్లో ఎక్కడా పేరుండదు, ఆయన అన్నాక బామ్మ కూడా మాట్లాడదు. మూడు రోజులు ఇల్లంతా గాలిస్తే ఆ 80 ఏదో జెన్కిన్స్ జాబ్ చివర తగిలించి కనిపిస్తుంది. ఫైళ్లలో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది. ఇన్వెంటరీ కమాండును అడిగితే పెదనాన్న, తల్లి ఏమన్నారో వరకే చెబుతుంది. అసలు నెగ్గిన మాట తెలియాలంటే డీబగ్ మాడ్యూల్‌తో ఆ విలువను నడుస్తుండగానే అచ్చు వేయించాలి.

హ్యాండ్లర్‌ది అన్యాయం. కాన్ఫిగ్ ఫైలు మారితే సర్వీసును రీస్టార్ట్ చేయాల్సింది అదే, కానీ ప్లే చివర గాని నిద్ర లేవదు. ఈలోగా ఇంకో పని ఫెయిలైతే అసలే లేవదు. తప్పు దిద్ది మళ్లీ నడిపితే, ఫైలు ఇందాకే మారింది కనుక చేసేదేమీ లేదంటూ ఆన్సిబుల్ పచ్చరంగు చూపిస్తుంది. తెర మీద పచ్చదనం, లోపల పాత సెట్టింగు. ఫోర్స్ హ్యాండ్లర్స్ పెట్టుకోవాలి, లేదా సిగ్గు విడిచి చేత్తో రీస్టార్ట్ చేయాలి.

ఇదే పని చేసే పపెట్‌లో, ప్రతి సర్వరులో నడిచే ఏజెంటు సర్టిఫికెట్ చెల్లదంటే ముందు చూడాల్సింది గడియారం. ఏజెంటు టైమ్ బాగా వెనకబడితే, ఇప్పుడే ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. టైమ్ సరిగ్గా ఉంటే హోస్ట్ పేరు, డీఎన్‌ఎస్, 8140 పోర్టు వరుసగా చూడాలి. పాత పేరుతోనే మెషీన్‌ను కొత్తగా కట్టి ఉంటే పాత సర్టిఫికెట్‌ను పపెట్ సర్వరులో తీసేయాలి.

ఇక అర్ధరాత్రి చేత్తో చేసిన మరమ్మతు. సెట్టింగు మార్చకపోతే ఏజెంటు 30 నిమిషాలకోసారి లేచి, మానిఫెస్టులో రాసినదానికి విరుద్ధంగా ఉన్న మార్పును తుడిచేసి పడుకుంటుంది. రెండోసారి తుడిచాక మనిషి విసిగి ఏజెంటును డిజేబుల్ చేస్తాడు. అలా చేసేటప్పుడు కారణం రాసే వీలుంది. అది లాక్ ఫైలులో ఉండిపోతుంది. ఏళ్ల తర్వాత తెరిస్తే అందులో ‘తాత్కాలికం’ అని ఉంటుంది. రాసిన మనిషి కంపెనీ మారి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఏం కూలిపోతుంటే ఆ ఒక్క మాట రాసి సర్వరును నిలబెట్టాడో అడగడానికి ఎవరూ లేరు. అతను వెళ్లేరోజు కేకు కోసినప్పుడూ ఎవరూ అడగలేదు.

అలాంటి సర్వరులో ఏజెంటును తిరిగి ఎనేబుల్ చేశాక మొదటిసారి నోఆప్‌తోనే నడపాలి. ఏమేం మార్చేదో చెబుతుంది, మార్చదు. జాబితాలో ప్రతి వరుసనూ చదివి, ఉంచాల్సినవి మానిఫెస్టులోకి ఎక్కించాకే అసలు పరుగు. అరగంటలో దానంతటదే లేస్తుంది కనుక చదవడం ఈలోగా కావాలి, లేదా నోఆప్‌ను సెట్టింగులోనే పెట్టుకోవాలి.