తివాచీకి చిరుగే సింగారం

మనకు రగ్గు అంటే చలికాలం కప్పుకునేది. ఇక్కడ చెప్పబోయే రగ్గు నేల మీద పరిచేది. మన పెద్దవాళ్లు దాన్ని తివాచీ అన్నారు, పల్చటి నేతదైతే జంపఖానా అన్నారు. వాళ్ల కాలంలో తివాచీ వెలిసినా, మూల చిరిగినా పరువు పోయినట్టే. చుట్టాలొస్తున్నారంటే గబగబా చుట్టి మంచం కిందకి తోసేవారు. ఇవాళ అదే వెలిసిన తివాచీకి ‘డిస్ట్రెస్డ్’ అనీ ‘వింటేజ్’ అనీ పేర్లు పెట్టి, కొత్తదాని కంటే ఎక్కువ ధరకి అమ్ముతున్నారు. బద్ధకస్తులకి ఇంతకంటే మంచి రోజులు ఎప్పుడూ రాలేదు.

ఆ పాత రూపు తేవడానికి తయారీదారులు ఎంత అవస్థ పడుతున్నారో చూడండి. కొత్త తివాచీ మీది ఉన్ని పోగుల్ని కత్తిరించి పల్చన చేస్తారు. రసాయనాల్లో కడిగి రంగు దించుతారు. తుర్కియేలో అంతల్యా దగ్గర వేసవి వస్తే వేల తివాచీల్ని పొలాల్లో పరిచి, నెలల తరబడి ఎండబెట్టి, అటూ ఇటూ తిరగేస్తారు. ఇంత చాకిరీ మీ ఇల్లు ఊరికే చేసిపెడుతుంది. మీరు అడ్డు పడకుండా ఉంటే చాలు. ఎలా ఉండాలో ఈ కింద చెబుతున్నాను. వరసగా పాటించండి.

1. రాత్రి పూట కొనండి. హైదరాబాదు వాళ్లయితే నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లండి. ఏటా జనవరి 1న మొదలై దాదాపు నెలన్నర ఉంటుంది. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక, మిర్చి బజ్జీలు తిన్న చేతులతో, నిద్రకి ఏడుస్తున్న పిల్లాణ్ణి చంకనేసుకుని తివాచీల స్టాలుకి చేరండి. ట్యూబులైట్ల కింద అన్ని రంగులూ బాగుంటాయి. పగటి వెలుగులో చూస్తే అనుమానాలు వస్తాయి, అనుమానాలొస్తే కొనడం ఆలస్యమవుతుంది. హాలు కొలతలు తీసుకెళ్లకండి. తివాచీ పెద్దదైతే గోడ దగ్గర మడవొచ్చు, చిన్నదైతే టీపాయ్ కిందకి సరిపోతుంది.

వయసు మాత్రం అడగకండి. వ్యాపారంలో నూరేళ్లు దాటినదాన్ని యాంటిక్ అంటారు, అంతకంటే చిన్నదాన్ని వింటేజ్ అంటారు. అమ్మేవాడి చేత వయసు చెప్పిస్తే ఆ అంకె దగ్గరే మీరు ఇరుక్కుపోతారు. ఆటోలో ఇంటికొచ్చే దారిలో మీరే పెంచుకోండి. నాంపల్లిలో నలభై ఏళ్లు, లక్డీకాపూల్ దాటేసరికి డెబ్భై, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నూరు. ఆ సిగ్నల్ దగ్గర తీరిక బోలెడు దొరుకుతుంది.

2. వెనక్కి తిప్పి చూడకండి. చాలామంది ఆనందం ఇక్కడే చెడుతోంది. చేతి ముడుల తివాచీ అయితే పై డిజైను వెనకవైపు కూడా ముడి ముడిగా కనిపిస్తుంది. టఫ్టెడ్ రకమైతే వెనక జిగురు పూసి గుడ్డ అంటిస్తారు. ఆ జిగురు కొన్నేళ్లకి ఎండి, పొడిపొడిగా నేల మీద రాలుతుంది. చేతి ముడుల తివాచీలో అంచు కుచ్చులు లోపలి పడుగు దారాల కొసలే. మిషను సరుకుకి చాలాసార్లు కుచ్చుల్ని విడిగా తెచ్చి కుడతారు. ఇవన్నీ వెనక చూస్తేనే తెలుస్తాయి. తెలిస్తే బేరం ఆడాల్సి వస్తుంది, నచ్చకపోతే ఇంకో స్టాలుకి నడవాల్సి వస్తుంది. అప్పటికే కాళ్లు పీకుతుంటాయి.

కాశ్మీరు చేతి ముడుల తివాచీకి 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2022 నుంచి క్యూఆర్ కోడ్ ఉన్న లేబుల్ కూడా వేస్తున్నారు. స్కాన్ చేయకండి. రాత్రి తొమ్మిదికి ఫోనులో ఛార్జింగు అంతంతమాత్రంగా ఉంటుంది, అది ఫొటోలకి కావాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసేవాళ్లు ఉంటారు. పోగొకటి పీకి కాల్చి, వెంట్రుక కాలిన వాసనొస్తే ఉన్ని, గట్టి పూసలా కరిగితే సింథటిక్ అని తేల్చేవాళ్లూ ఉంటారు. వాళ్ల పక్కన నిలబడకండి.

3. దారిలోనే కథ సిద్ధం చేసుకోండి. తివాచీ విలువలో సగం కథలోనే ఉంది. మిగతా సగం దాన్ని చెప్పే ధైర్యంలో ఉంది. మన ప్రాంతంలో ముడిసరుకు కావలసినంత దొరుకుతుంది. వరంగల్ తివాచీలు 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. ఏలూరులో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు స్థిరపడి ఈ పని నేర్పారని చెబుతారు. రెండూ వాడుకోండి. మీరు కొన్నది పానిపట్ మిషను మీద పోయినేడాది నేసిందైనా సరే, ‘మా తాతగారు ఏలూరులో కొన్నార’ని చెప్పండి. వచ్చినాయన ఏలూరు వాడైతే వరంగల్‌కి మార్చండి. వరంగల్ వాడైతే ఏలూరుకి మార్చండి. ఇద్దరూ ఒకేసారి వస్తే కాఫీ తెస్తానని లోపలికి వెళ్లండి.

ఒక జాగ్రత్త ఉంది. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవి పైకి ఉన్ని లేవని చదునైన నేత. మీ బొచ్చు తివాచీని చూపించి అవే ఇవి అనకండి. అలా దొరికిపోతే ఇంకో కథ అల్లాలి, అది రెట్టింపు పని.

ధర ఎవరైనా అడిగితే సూటిగా చెప్పకండి. 2013లో న్యూయార్క్ వేలంలో ఒక పర్షియన్ తివాచీ 3 కోట్ల 37 లక్షల డాలర్లకి పోయిందని చెప్పి, మీ తివాచీ వంక ఒక్కసారి చూసి ఊరుకోండి. అడిగినాయన రెండోసారి అడగడు.

4. పడమటి ఎండ తగిలే చోట పరవండి. సగం సోఫా కింద, సగం బాల్కనీ తలుపు ముందు పడితే ఇంకా మేలు. ఒక వైపు మూడు వేసవుల్లో వెలుస్తుంది, రెండో వైపు అలాగే ఉంటుంది, ఒక్క ధరకి రెండు తివాచీలు వచ్చినట్టు. ఆరు నెలలకోసారి తిప్పి వేయమంటారు. దానికి సోఫా ఎత్తాలి. వద్దు. కింద జారకుండా వేసే పరుపూ కొనకండి. అది లేకపోతే తివాచీ తనంతట తాను రోజుకి నాలుగంగుళాలు నడుస్తుంది, వారానికోసారి హాలు కొత్తగా కనిపిస్తుంది.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉంది. 1539–40లో నేసింది. రంగులు పోకుండా అరగంటకోసారి పది నిమిషాలు మాత్రమే దీపాలు వేస్తారు. అంటే రోజుకి ఎన్నిసార్లు స్విచ్చు చూసుకోవాలో లెక్కేయండి! అందంగా ఉండాల్సింది అది కాబట్టి వాళ్లకి ఆ తిప్పలు తప్పవు. మీది పాతగా కనిపిస్తే చాలు.

తులసి కోటకి చోటు లేని ఫ్లాట్లలో పూలకుండీని తివాచీ మూల మీదే పెట్టండి. కుండీ కింద చెమ్మ నిలిచి నూలు పడుగూ పేకా చివుకుతాయి. కుండీ ఎత్తిన రోజు అక్కడ గుండ్రటి కంత ఉంటుంది. ఎంత కత్తెర పనితనమైనా అంత గుండ్రంగా రాదు.

5. దుమ్ము దులపకండి. బయటి ఇసుక రేణువులు తివాచీ అడుగుకి దిగి, మనం నడిచినప్పుడల్లా ఉన్ని పోగుల మొదళ్లని కోస్తాయి. ఫ్యాక్టరీలో కూలి ఇచ్చి కత్తిరించే పనే ఇది. ఇంట్లో చెప్పులతో తిరగండి, పిల్లల్ని క్రికెట్ బూట్లతో రానివ్వండి. పని చేసే ఆవిడ చీపురు తీసుకొస్తే ‘ఇది విదేశీ రకం, చీపురు తగలకూడద’ని చెప్పండి. ఆవిడా సంతోషిస్తుంది.

6. మరకలకి తొందరపడకండి. కాఫీ ఒలికిన వెంటనే పొడిగుడ్డతో అద్దితే చాలావరకు పోతుంది. అందుకే ఆ మొదటి ఐదు నిమిషాలూ ఇంకో గదిలోకి వెళ్లండి. సాంబారు, ఆవకాయ నూనె, పసుపు మూడూ మంచివే. పసుపు అన్నిటికంటే నమ్మకమైనది. మూడు పెళ్లిళ్లు, రెండు వ్రతాలు అయ్యేసరికి తివాచీకి ఒక హుందాతనం వస్తుంది.

మాటలు ముందే కంఠతా పట్టండి. ఎవరైనా “ఇక్కడ చిరిగినట్టుందేంటి వదినా?” అంటే, “చిరగలేదమ్మా, చిరిగించే అమ్ముతారు” అనండి. “ఈ మరకేంటి?” అంటే “కాయగూరల రంగు, అలాగే ఉంటుంది” అనండి. “వాసనొస్తోందే!” అంటే “అసలైన ఉన్నికి వాసన ఉంటుందండీ” అనండి. అత్తగారు అడిగితే మాత్రం ఈ మాటలు పనిచేయవు. ఆవిడ వచ్చే ముందు మరక మీద టీపాయ్ జరపండి. మా ఇంట్లో టీపాయ్ ఇప్పుడు గది మూలలో ఉంది, పక్కన ఇంకో రెండు కుర్చీలు కూడా మరకల మీదే ఉన్నాయి. హాలు ఇరుకైంది కానీ, ఆరేళ్లలో నేను తివాచీ కోసం ఒక్కసారి కూడా వంగలేదు.

ఏదో ఒకటి చేసి తీరాలనిపిస్తే వేడినీళ్లు, బ్లీచు తీసుకుని గట్టిగా రుద్దండి. ఉన్నిని బ్లీచు కరిగిస్తుంది, మరక ఉన్న చోటు లేకుండా పోతుంది, మరక సమస్య దాంతో ముగుస్తుంది. ‘బ్యాంబూ సిల్కు’ అని పేరు చెప్పి అంటగట్టిన విస్కోసు తివాచీ అయితే బ్లీచు కూడా అక్కర్లేదు, వట్టి నీళ్లు పోయండి. పచ్చబడి, పోగులు చచ్చుబడి, ఒక్క సాయంత్రంలో అరవై ఏళ్లు పైబడతాయి.

7. పురుగుని కదిలించకండి. ఉన్ని తినేది ఎగిరే చిమ్మెట కాదు, దాని పిల్ల పురుగు. చీకటి, నిశ్శబ్దం, కదలని సోఫా దానికి కావాలి. ఈ మూడూ మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నాయి.

8. ఉతకాలంటే శ్రావణంలో ఉతకండి. వానకి నీళ్ల ఖర్చు ఉండదు. టెర్రస్ మీదికి తీసుకెళ్లి, బట్టల సబ్బుపొడి గుప్పెళ్లతో చల్లి, బాత్‌రూమ్ బ్రష్షుతో తోమండి. తడిసిన తివాచీ ఇద్దరు మోయలేనంత బరువవుతుంది. వాచ్‌మన్‌ని, లిఫ్టు బాగుచేయడానికొచ్చిన కుర్రాణ్ణి పిలవండి, మీరు గొడుగు పట్టుకుని దారి చెప్పండి. పిట్టగోడ మీద వేలాడేయండి. బరువుకి ఒక వైపు సాగుతుంది, ఎరుపు దిగి తెలుపులో కలుస్తుంది. రంగులన్నీ కలిసి ఒకే ఛాయకి వస్తే దాన్ని ‘ఓవర్‌డైడ్’ అనండి. బజారులో ఆ రకానికి విడిగా ధర ఉంది. నాలుగు రోజులు ఎండ రాకపోతే కింద అంతస్తు వాళ్లు ఫోన్ చేస్తారు. ఎత్తకండి.

9. దాచేటప్పుడు మడతలు పెట్టండి. గొట్టంలా చుడితే అటక మీద పట్టదు. ఎనిమిది మడతలేసి, పైన ఇత్తడి గంగాళం, అమెరికా నుంచొచ్చిన సూట్‌కేసులు పెట్టండి. కలరా ఉండలు వేయకండి, కొనడానికి సందు చివరిదాకా నడవాలి. రెండేళ్ల తర్వాత విప్పితే మడత మడతకీ దారాలు తెగి ఉంటాయి. నలుపలకలుగా తెగుతాయి కాబట్టి డోర్‌మ్యాట్లకి కొలిచి కోసే శ్రమ కూడా ఉండదు.

10. రఫూ చేసేవాణ్ణి పిలవకండి. పాతబస్తీలో ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒక్కో పోగూ కలిపి అల్లితే చిరుగు ఎక్కడుందో కూడా కనిపించదు. అంటే ఇన్నేళ్లు మీరు సాధించినదంతా మాయమవుతుంది. గమ్ టేపు వేయండి, పట్టకపోతే స్టేప్లర్ కొట్టండి. టేపు కూడా నిలవనంతగా చీలినప్పుడు, ఆ వారంలో ఎవరి పెళ్లి ఉందో చూసుకోండి. గోధుమరంగు కాగితంలో చుట్టి, పైన పసుపు బొట్టు పెట్టి, మేనల్లుడికి ఇవ్వండి. విప్పుతున్నప్పుడు పక్కనే ఉండి, నూటపాతికేళ్లదని, తాతగారిదని, ఏలూరులో కొన్నదని చెప్పండి. వధువు తరఫు వాళ్లు ఏ ఊరివాళ్లో మాత్రం ముందే కనుక్కోండి.