చెత్త పోస్తే మామూలు, వంకాయ పెడితే కబ్జా

మన పట్టణాల్లో మనిషికి ఎంత స్వేచ్ఛ ఉందో తెలియాలంటే కొత్త కాలనీలో ఒక ఖాళీ ప్లాటు ముందు ఒక పూట నిలబడాలి. పొద్దున ఆరింటికి ఎదురింటాయన చెత్త కవరు విసిరి లోపలికి పోతాడు. ఎవరూ ఏమనరు. ఎనిమిదింటికి పందుల మంద దిగుతుంది. అవి ఎవరివో వార్డంతా తెలుసు, ఎవరూ అడగరు. పదింటికి మేస్త్రీ వచ్చి పాత ఇల్లు కూలగొట్టిన ఇటుక ముక్కలు ట్రాక్టరుతో దింపిస్తాడు. చీకటి పడ్డాక క్వార్టర్ సీసాలతో యువజన సమావేశం మొదలవుతుంది. వానాకాలం మోరీ నీళ్లు చేరి దోమలకు ఉచిత వసతి గృహం తెరుస్తాయి. ఇంత జరిగినా ఓనర్‌కు అభ్యంతరం లేదు, మున్సిపాలిటీకి ఫిర్యాదు లేదు.

ఒక్క పని మాత్రం చేయొద్దు. పక్కింటి అవ్వ ఆ మూలకు నాలుగు వంగ మొక్కలు పెట్టొద్దు. పెట్టిందా, వారం తిరక్కముందే కబురు దుబాయ్ దాకా పోతుంది. ఓనర్ బామ్మర్ది బండేసుకుని వస్తాడు.

“ఏందవ్వా ఇది? ఇయ్యాల వంకాయ పెడ్తివి, రేపు గుడిసె ఏస్తవ్!”

“గుడిసెందుకు బిడ్డా, నాకు ఇల్లున్నది. జాగ ఉత్తగ పడున్నది గదా అని...”

“ఉత్తగుంటె ఉండనియ్. నీకేం బాధ?”

నాలుగు వంగ మొక్కలు పీకడానికి జేసీబీ వస్తుంది. పక్కనే ఉన్న చెత్త కుప్పను జాగ్రత్తగా తప్పించుకుని, మొక్కల్ని మాత్రం తవ్వి పోతుంది. చెత్తకు పొజిషన్ ఉంది మరి.

ఓనర్‌ను తిట్టడం తేలికే కానీ ఈ కాలమ్‌కు నోరు రావడం లేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల నుంచి దుబాయ్‌కో మస్కట్‌కో దోహాకో పోయినవాళ్ల చెమటంతా ఆఖరికి వచ్చి ఆగేది ఈ రెండు వందల గజాల్లోనే. బిడ్డ పెళ్లి, కొడుకు చదువు, ముసలితనం, అన్నీ అందులోనే. సెలవు మీద వచ్చినప్పుడు ఆయన ఇంట్లో చాయ తాగీ తాగకముందే ప్లాటు కాడికి పోతాడు. నాలుగు కనీలు ఉన్నాయా, సర్కారు తుమ్మ అట్లనే ఉన్నదా అని చూసుకుంటాడు. తుమ్మ చెట్టే ఆయన పాసుబుక్కు. ముళ్లు పెరిగితే అసలు భద్రంగా ఉన్నట్టు లెక్క.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. ఓనర్ పట్టించుకోని జాగాను ఎవడైనా పన్నెండేళ్లు బహిరంగంగా, తనదేనంటూ అనుభవిస్తే, 1963 నాటి కాలపరిమితి చట్టం ఆధారంగా హక్కు కోసం కొట్లాడవచ్చు. ఈ ముక్క ఊళ్లో ప్రతి బ్రోకర్‌కూ కంఠతా వచ్చు. ఓనర్ అనుమతితో వాడుకుంటున్నవాడికి ఎన్నేళ్లు గడిచినా అలాంటి హక్కు రాదని కోర్టులు పదేపదే చెప్పిన ముక్క మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. మొదటి ముక్కలో కమీషన్ ఉంది, రెండో దాంట్లో లేదు.

సరే, ప్రైవేటు ప్లాటు మనకొద్దు. అందరి జాగా చూసుకుందాం. లేఅవుట్ వేసినవాడు పది శాతం జాగా పార్కులకూ ఆటలకూ వదలాలన్నది రూలు. బ్రోచర్‌లో ఆ పది శాతం కళకళలాడుతుంది. పిల్లలు ఉయ్యాల ఊగుతుంటారు, తాతలు బెంచీ మీద పేపర్ చదువుతుంటారు. ప్లాట్లన్నీ అమ్ముడుపోయాక తాత లేచిపోతాడు, ఉయ్యాల తెగిపోతుంది, పార్కు కడుపున ఇంకో నాలుగు ప్లాట్లు పుడతాయి. అసలు పార్కే వదలని అక్రమ లేఅవుట్లకు సర్కారే దారి చూపించింది. 2020 ఆగస్టు 31న వచ్చిన లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) ప్రకారం, ఖాళీ జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. అంతే, పాపం పరిహారం. 2025లో ఈ ఫీజుల మీద పాతిక శాతం రాయితీ కూడా ఇచ్చారు. అంటే లేని పార్కు మనకు డిస్కౌంట్‌లో దొరికిందన్నమాట. పిల్లలు “నాయనా, ఆడుకుంటానికి ఎటు పోవాలె?” అని అడిగితే బీరువాలోని చలాన్ తీసి చూపించాలి.

ఊళ్లో పార్కులు ఇట్లా చలాన్లలోకి పోయాక ప్లానింగ్ వాళ్ల చూపు ఊరి బయటికి మళ్లింది. 2023 జనవరిలో జగిత్యాల మాస్టర్ ప్లాన్ ముసాయిదా చూసి చుట్టుపక్కల పల్లెల రైతులు రోడ్డెక్కారు. తమ పొలాలను ఏవేవో జోన్లలో కలిపారన్నది వాళ్ల గోస. ధర్నాలు, దిగ్బంధాలు అయ్యాక ఆ నెలలోనే కౌన్సిల్ ప్లాన్‌ను వెనక్కి తీసుకుంటూ తీర్మానం చేసింది. పట్టణం నడిమధ్య తుమ్మ పెరిగి పడున్న జాగాల మీద ఎవరి రంగు పెన్సిలూ వాలలేదు. వరి పచ్చగా ఊగే పొలాల మీద మాత్రం అన్ని రంగులూ పడ్డాయి.

పచ్చదనమంటే మన సర్కార్లకు ప్రేమ లేదంటే కళ్లు పోతాయి. 2015 జూలైలో హరితహారం మొదలైంది. లక్ష్యం 230 కోట్ల మొక్కలు. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచడం. 2019 పురపాలక చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. మున్సిపల్ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే అన్నది. నాటినవాటిలో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు అన్నది. ఆ దెబ్బకు నేలమీద ఏమైనా కానీ, రిజిస్టర్లు మాత్రం అడవుల్లా పెరిగాయి. ఎండిన మొక్కకు పోస్టుమార్టం చేసే పద్ధతి మన దగ్గర లేదు. అది చావదు, వచ్చే ఏటి లక్ష్యంలో మళ్లీ పుడుతుంది.

జూలైలో మొక్క నాటే తంతు మీరూ చూసే ఉంటారు. ఒక మొక్క, పదహారు చేతులు. ఫొటోలో మొక్క కోసం వెతుక్కోవాలి. పెద్దల కార్లు మలుపు తిరగకముందే ట్రీ గార్డు వంగిపోతుంది, సాయంత్రానికి మేక వచ్చి మిగతా కార్యక్రమం పూర్తి చేస్తుంది. గుంతకు మాత్రం ఏ రోగమూ రాదు. మరుసటి జూలైకి అదే గుంత, అవే చేతులు. 2024లో హరితహారం పోయి వనమహోత్సవం వచ్చింది. నిజానికి అది 1950లో కేంద్ర మంత్రి కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన పాత పేరే. ఆ ఆగస్టులోనే ‘స్వచ్ఛదనం-పచ్చదనం’ అని ఐదు రోజుల పండుగా చేశారు. పేరు మారినప్పుడల్లా ఫ్లెక్సీ షాపు ఒకటి పచ్చబడుతుంది.

అన్నీ దండగే అంటే మాత్రం అన్యాయం. 2020లో పట్టణ ప్రగతి పేరు మీద వచ్చిన పట్టణ ప్రకృతి వనాల్లో పచ్చబడినవీ ఉన్నాయి. కొన్నిచోట్ల జపాన్ శాస్త్రవేత్త అకీరా మియావాకీ పద్ధతిలో రకరకాల మొక్కల్ని ఒత్తుగా నాటారు. ఆ పద్ధతి ప్రాణమంతా ఆ నేలకు సొంతమైన చెట్లను ఎంచుకోవడంలో ఉంది. మనమేమో చాలాచోట్ల కోనోకార్పస్‌ను ఎంచుకున్నాం. మేక ముట్టదు, తొందరగా ఎదుగుతుంది, ఫొటోలో పచ్చగా పడుతుంది. లక్ష్యం చేరుకోవడానికి అంతకన్నా నమ్మకస్తుడైన ఉద్యోగి దొరకడు. తర్వాత దాని పుప్పొడి మంచిది కాదు, వేర్లు పైపుల్లోకి పోతున్నాయి అని ఆ సర్కారే వద్దన్నది. అయినా వనం వనమే, కాదనను. గేటుంది, నడిచే బాట ఉంది, బోర్డు మీద పెద్దల ఫొటోలున్నాయి. లోపల ఒక కరివేపాకు రెమ్మ నాటుకుంటానని మాత్రం అడగొద్దు. అది చూసే పచ్చదనం, తినే పచ్చదనం కాదు.

తినే పచ్చదనం కోతులకు మంజూరైంది. కోతులు ఊళ్ల మీద పడుతున్నాయని, అడవిలోనే పండ్ల చెట్లు పెంచితే వాపసు పోతాయని మంకీ ఫుడ్ కోర్టులు పెట్టారు. ఆలోచన మంచిదే. జామ, సీతాఫలం, అల్లనేరేడు, మెనూ కూడా బాగుంది. కోతులకు ఫుడ్ కోర్టు శాంక్షన్ చేసిన రాష్ట్రంలో మనుషులు కలిసి ఒక పుంటికూర మడి వేసుకోవడానికి ఏ పద్దూ లేదు. ఆఫీసుకు పోయి అడిగితే గుమాస్తా అయోమయంలో పడతాడు. “పార్కంటే టెండర్ పిలుస్తం. నర్సరీ అంటే బిల్లు పెడ్తం. మీరే దున్ని, మీరే నీళ్లు వోసి, మీరే తింటె... ఇండ్ల మాకేం పని?” ఆయన బాధ ఆయనది. బిల్లు లేని పని ఏ ఫైల్‌లో పెట్టాలి?

సిరిసిల్ల సంగతి ఇంకా విచిత్రం. 2017 నుంచి కొన్నేళ్లు రాష్ట్రంలోని ఆడబిడ్డలకు బతుకమ్మ చీరలు నేసిన ఊరది. పవర్‌లూమ్ కార్మికులు పగలూ రాత్రీ మరమగ్గాల మీద కోట్ల మీటర్ల బట్ట నేశారు. చీర తయారైంది, మరి పువ్వో? గునుగు, తంగేడు ఎవరూ సాగు చేసేవి కావు. బీడు జాగాల్లో వాటంతటవే వచ్చేవి. పెత్రమాస ముందు పిల్లలు సంచి పట్టుకుని పోతే ఊరి పక్క బీళ్లలోనే బతుకమ్మకు సరిపడా దొరికేది. ఆ బీళ్లే ప్లాట్లయ్యాయి. పండుగకు వారం ముందు శుభ్రం పేరుతో కలుపు మందు కొట్టి గునుగును మాడ్చేస్తాం. పండుగ నాడు బజారులో అదే గునుగును కట్ట లెక్కన బేరమాడి కొంటాం. తంగేడు రాష్ట్ర పుష్పమని పరీక్షలో రాసిన పిల్లకు మార్కు పడుతుంది, తంగేడు చెట్టు ఎక్కడుందో చూపించమంటే తల్లి ఆటో మాట్లాడాలి.

జగిత్యాలకు తోట పెట్టడం ఎవరూ నేర్పనక్కర లేదు. పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఉల్లికోడును తట్టుకునే జగిత్యాల సన్నాలు అక్కడివే. ఊరి పేరు వరి కంకి మీద ఎక్కించుకుని రైతుల్లోకి పంపిన పట్టణమది. ఆ పక్క చల్‌గల్‌లో మామిడి మార్కెట్. టౌన్‌లో స్థిరపడినవాళ్లలో సగం మందికి చిన్నప్పుడు నాగలి పట్టిన చెయ్యి, నారు వేసిన చెయ్యి ఉంది. విత్తనం ఉంది, విద్య ఉంది, ఎరువుకు రోజూ ఇంటి ముందుకు తడి చెత్త బండి వస్తుంది. ఖాళీ జాగా కావలసినంత ఉంది. మరి కొరతెక్కడ? జాగా మీద హక్కున్నవాడు నీళ్లు పోయడు. నీళ్లు పోసే ఓపికున్నవాడికి హక్కు లేదు. మధ్యలో సర్కారు తుమ్మ తీరిగ్గా పెరుగుతోంది.

ఈ చిక్కు మనొక్కరిదే కాదు. 1973లో న్యూయార్క్‌లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె స్నేహితులు బోవరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్తతో నిండిన ఒక పాడు జాగాను శుభ్రం చేసి తోట వేశారు. కంచె వేసిన ఖాళీ స్థలాల్లోకి విత్తనాల ఉండలు విసిరేవాళ్లు కాబట్టి తమను తాము గ్రీన్ గెరిల్లాలు అనుకున్నారు. అక్కడి నగరపాలకులు కేసు పెట్టలేదు. 1974లో ఆ జాగాను నెలకు ఒక్క డాలర్ కిరాయికి ఇచ్చారు. తోట ఇప్పటికీ ఆమె పేరు మీదే ఉంది. అట్లాగని అక్కడంతా దేవతలే అనుకోకండి. 1999లో మేయర్ జూలియానీ వందకు పైగా ఇలాంటి తోటలను వేలానికి పెట్టాడు. నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ, మరో ట్రస్టు కలిసి కొనుక్కుంటేనే అవి బతికాయి. రియల్ ఎస్టేట్‌కు భాష, దేశం ఉండవు. ఇద్దరికీ తేడా ఒక్కటే: వాళ్ల దగ్గర ఒక డాలర్ కాగితం ఉంది, మన దగ్గర జేసీబీ ఉంది.

కాబట్టి కౌన్సిల్ ముందు ఒక చిన్న ప్రతిపాదన. కోట్లు అక్కర్లేదు, వంద రూపాయల స్టాంపు కాగితం చాలు. అందులో ఓనర్, కాలనీ మహిళా సంఘం, మున్సిపాలిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. జాగా ఓనర్‌దే. సంఘం వాడుకునేది అనుమతి మీదనే, ఏటేటా రాసుకుంటారు. చెట్లు పెట్టరు, గోడ కట్టరు, బోరు వేయరు. బెండ, బీర, పుంటికూర, పండుగకు బంతి, గునుగు. ఇల్లు కట్టుకుంటానన్న నాడు పంట కోసుకుని రెండు నెలల్లో లేస్తారు. దానికి బదులుగా మున్సిపాలిటీ ఒక నల్లా కనెక్షన్ ఇస్తుంది, ఓనర్‌కు ఆ ఏడు ఖాళీ జాగా పన్ను మాఫీ చేస్తుంది. దుబాయ్‌లో ఉన్నాయనకు నెలనెలా వాట్సాప్‌లో ప్లాటు ఫొటో పోతుంది. ముళ్లకు బదులు బీర పూలు కనబడితే ఆయనకూ నష్టం లేదు. కావలికి రూపాయి ఖర్చు లేకుండా పది మంది అవ్వలు దొరికారు. వాళ్లున్నచోట కనీ జరిపే మొగోడు ఈ జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

అభ్యంతరాలు ఏం వస్తాయో నాకు తెలుసు. బీర పందిరికి బిల్డింగ్ పర్మిషన్ తీసుకున్నారా? బెండ మడికి ఎల్‌ఆర్‌ఎస్ కట్టారా? పుంటికూర ఏ జోన్‌లోకి వస్తుంది? వీటన్నిటికీ జవాబులు దొరుకుతాయి. ఎప్పుడూ తేలనిది ప్రారంభోత్సవం పంచాయితీ ఒక్కటే: ఎవరిని పిలవాలి, ఎవరి ఫొటో ఎంత పెద్దది. దానికీ మార్గం ఉంది. పార్టీ తేడా లేకుండా పెద్దలందరినీ పిలుద్దాం, ఫ్లెక్సీలో అందరివీ సమానంగా వేద్దాం, ఫొటోగ్రాఫర్‌ను నేనే తెస్తాను. ముహూర్తం మాత్రం జూలైలో మొక్క నాటే నాడు కాదు. మే నెలలో, మిట్ట మధ్యాహ్నం, నల్లా రాని నాడు, తలా రెండు బిందెలతో.