తిలా పాపం, మాజీకి మూటెడు

2024 జనవరి నెలాఖరు. అమెరికా షేర్ మార్కెట్ రికార్డుల మీద రికార్డులు కొడుతోంది. వైట్‌హౌస్‌లో ఉన్నది బైడెన్. ట్రంప్ అప్పటికి మాజీ. ఆ మాజీగారు తన సొంత సోషల్ మీడియా గోడ మీద రాసుకున్నారు: ఇది ట్రంప్ మార్కెట్, సర్వేల్లో నేను ముందున్నాను గనుక నేను గెలుస్తానన్న ధీమాతో మదుపరులు కొంటున్నారు అని. కుర్చీలో లేకపోయినా మార్కెట్‌ని నడిపించగల మనిషి!

2025 ఏప్రిల్ 30. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో అమెరికా ఆర్థిక వ్యవస్థ వార్షిక లెక్కన 0.3 శాతం కుంగిందని తొలి అంచనా వచ్చింది. మార్కెట్ అప్పటికే నేల చూపులు చూస్తోంది. ట్రంప్ కుర్చీ ఎక్కి వంద రోజులు దాటింది. అదే గోడ మీద కొత్త రాత: ఇది బైడెన్ మార్కెట్, ట్రంప్‌ది కాదు, నేను వచ్చింది జనవరి 20న కదా అని. ఆ వారంలోనే ఓ టీవీ ఇంటర్వ్యూలో, ఇంతకీ ఈ ఆర్థిక వ్యవస్థ ఎవరిది మహాప్రభో అని అడిగితే తేల్చి చెప్పేశారు. బాగున్న భాగాలు నావి, బాగాలేనివి బైడెన్‌వి.

నవ్వుకున్నాం, నిజమే. కానీ అన్యాయంగా మాట్లాడకూడదు. ఈ సూత్రం ట్రంప్ కనిపెట్టింది కాదు. వందేళ్లుగా రెండు పార్టీలూ ఇదే పద్దు రాస్తున్నాయి. తక్కినవాళ్లు ఆర్థికవేత్తలను పక్కన కూర్చోబెట్టుకుని, పటాలు చూపించి, గొంతు సవరించుకుని చెప్పిన మాటని ఈయన ఒక్క ముక్కలో చెప్పారు. సిగ్గుపడటానికి టైం వేస్టు చేయలేదు, అంతే తేడా.

ఇందులో అసలు కిటుకు గడువులో ఉంది. అధ్యక్షుడు సంతకం పెట్టిన రోజుకీ, దాని ఫలితం జనం జేబులోకి వచ్చే రోజుకీ మధ్య నెలలు పడతాయి, ఒక్కోసారి ఏళ్లు పడతాయి. ఇది ఆర్థికశాస్త్రం ఒప్పుకున్న మాటే. రాజకీయశాస్త్రం దానికి ఎలాస్టిక్ కుట్టింది. మనవాడు కుర్చీలో ఉండగా ధరలు పెరిగితే ఆ గడువు నాలుగేళ్లు. ధరలు తగ్గితే నాలుగు గంటలు.

2021, 2022లో అమెరికా పెట్రోలు బంకుల్లో ఒక స్టిక్కర్ తెగ తిరిగింది. బైడెన్ బొమ్మ, చాచిన చూపుడువేలు, కింద ‘ఇది నా పనే’ అని ఇంగ్లిష్‌లో. వేలు సరిగ్గా పంపు మీది ధర వైపు చూపించేలా అంటించి పోయేవాళ్లు. 2022 జూన్‌లో గ్యాలన్ 5 డాలర్లు దాటింది. రష్యా ఉక్రెయిన్ మీదికి పోవడం, కోవిడ్‌లో మూసిన చమురుశుద్ధి కర్మాగారాలు కొన్ని మళ్లీ తెరుచుకోకపోవడం, ఇవన్నీ స్టిక్కర్‌లో పట్టవు కదా. తమాషా ఆ తర్వాత జరిగింది. డిసెంబరు నాటికి ధర మూడు డాలర్ల చిల్లరకి దిగింది. స్టిక్కర్ జిగురు గట్టిది, గోకినా ఊడదు. బైడెన్ అదే నవ్వుతో, అదే వేలితో తగ్గిన ధరని కూడా చూపిస్తూ నిలబడ్డాడు. అప్పుడు మాత్రం అటు చూసిన నాథుడు లేడు.

ఇలా తిట్లు మోసిన మాజీల జాబితాలో పెద్దాయన హెర్బర్ట్ హూవర్. ఆయన పద్దు కాస్త తీరిగ్గా విప్పాలి.

హూవర్ 1929 మార్చిలో గద్దెనెక్కాడు. అక్టోబరులో న్యూయార్క్ మార్కెట్ కూలింది. మధ్యలో ఎనిమిది నెలలు కూడా లేవు. అంతకుముందు బుడగ ఊదుతున్నంతకాలం అధ్యక్షుడు కూలిడ్జ్. ఆయన హాయిగా పదవీ విరమణ చేసి, ఆత్మకథ రాసుకుని, 1933 జనవరిలో ప్రశాంతంగా కన్నుమూశాడు. తిట్లు తినడానికి హూవర్ మిగిలాడు. నిజానికి మొదటి ప్రపంచయుద్ధంలో ఆకలితో ఉన్న బెల్జియంకి తిండి పంపిన అన్నదాతగా ఆయనకి పేరు. ఆ అన్నదాత ఏలుబడిలోనే ఇళ్లు పోయినవాళ్లు రేకులూ అట్టలూ కట్టుకున్న గుడిసెలకి ‘హూవర్‌విల్’ అని పేరొచ్చింది. చలికి కప్పుకున్న పాత పేపరు ‘హూవర్ దుప్పటి’. ఖాళీ జేబుని లోపలి గుడ్డ బయటికి లాగి చూపిస్తే అది ‘హూవర్ జెండా’.

ఆ తర్వాత డ్యామ్ కథ. కొలరాడో నది మీద కట్టబోయే పెద్ద ఆనకట్టకి 1930లో హూవర్ మంత్రే హూవర్ పేరు పెట్టాడు. పదవిలో ఉన్నాయన పేరు ఆయన మంత్రే పెట్టడం కాస్త అతే అనుకోండి. 1933లో రూజ్‌వెల్ట్ వచ్చాడు. ఆయన మంత్రి హెరాల్డ్ ఇక్స్ ఆ పేరు పీకేసి బౌల్డర్ డ్యామ్ అన్నాడు. 1935లో ప్రారంభోత్సవానికి వచ్చిన రూజ్‌వెల్ట్ ప్రసంగంలో హూవర్ మాటే లేదు. మళ్లీ 1947లో కాంగ్రెస్ చట్టం చేసి, ట్రూమన్ సంతకం పెట్టి, హూవర్ పేరు తిరిగిచ్చారు. ఇంత జరిగినా 726 అడుగుల కాంక్రీటు ఒక్క అంగుళం కదల్లేదు. ప్రభుత్వం మారగానే పథకాల బోర్డులకి రంగులు మారడం చూసినవాళ్లం, ఈ కథ మనకి వేరే అర్థం చెప్పక్కర్లేదు.

పదవి దిగాక హూవర్ 31 ఏళ్లు బతికాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఏ దేశంలో ఎంత తిండి కరువుందో చూసి రమ్మని ట్రూమన్ పంపితే దేశాలన్నీ తిరిగాడు, 1946లో ఇండియాకీ వచ్చాడు. అయినా ప్రతి ఎన్నికలో డెమొక్రాట్లు ఆయన్నే నిలబెట్టి ఓడిస్తూ వచ్చారు. పోటీలో ఉన్నది ఎవరన్నది వాళ్లకి అనవసరం.

మరి హూవర్ తప్పేమీ లేదా? ఎందుకు లేదు, దండిగా ఉంది. మార్కెట్ కూలడం ఆయన పాపం కాదు. 1930 జూన్‌లో స్మూట్-హాలీ సుంకాల చట్టం మీద పెట్టిన సంతకం మాత్రం అచ్చంగా ఆయనదే. పెట్టొద్దు బాబూ అని 1,028 మంది ఆర్థికవేత్తలు అర్జీ రాసి ఇచ్చారు. ఒక విషయం మీద అంతమంది ఆర్థికవేత్తలు ఏకాభిప్రాయానికి రావడమే ఒక వింత, ఆ ఒక్కదానికైనా ఆగాల్సింది. ఆగలేదు. కెనడా మొదలుకుని ఒక్కో దేశమూ ఎదురు సుంకాలు వేసింది. 1932లో బోనస్ అడగడానికి వచ్చిన మాజీ సైనికుల మీదికి టియర్ గ్యాస్‌తో సైన్యం వెళ్లిందీ ఆయన హయాంలోనే. చిత్రమేమిటంటే జనం నోట్లో నానింది ఇవేవీ కాదు, ఆయన చేతిలో లేని అక్టోబరు పతనమే.

ఈ హూవర్ అంటే ట్రంప్‌గారికి చచ్చేంత భయం. 2024 జనవరిలో ఒక ఇంటర్వ్యూలో దాచుకోకుండా చెప్పారు: మార్కెట్ కూలేదేదో ఈ పన్నెండు నెలల్లోనే కూలితే బాగుండు, నేను మాత్రం హూవర్‌ని కాదలుచుకోలేదు అని. ఆ బెంగకి కారణం లేకపోలేదు. హూవర్ తర్వాత, చేరిన రోజు కంటే తక్కువ ఉద్యోగాలు దేశంలో మిగిల్చి దిగిపోయిన అధ్యక్షుడు ఈయనే. కోవిడ్ పుణ్యమే అది, ఆయన చేసింది కాదు. కానీ బైడెన్ ఆ వివరం జోలికి పోకుండా ఆయన పేరులో హూవర్‌ని ఇరికించి పిలిచేవాడు. సరే, హూవర్‌ని కాకూడదనుకున్న మనిషి ఏం చేయాలి? 2025 ఏప్రిల్ 2న గులాబీ తోటలో నిలబడి, 1930ల తర్వాత అమెరికా ఎరగనంత సుంకాల పట్టిక ఎత్తి చూపించారు. వద్దన్న ఆర్థికవేత్తలు ఈసారీ ఉన్నారు.

కార్టర్ సంగతి హూవర్ కథకి తలకిందులు. ఆయన 1979లో పాల్ వోల్కర్ అనే ఆరున్నర అడుగుల మనిషిని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్‌లో కూర్చోబెట్టాడు. ధరలు దింపడానికి వోల్కర్ వడ్డీని ఆకాశానికెత్తాడు. అప్పు పుట్టక ఇళ్లు కట్టడం ఆగిపోయిన బిల్డర్లు దూలాల ముక్కలు పోస్టులో పంపారు. కార్ల డీలర్లు అమ్ముడుపోని కార్ల తాళంచెవులు శవపేటికల్లో పెట్టి పంపారు. 1980లో 13.5 శాతం ఉన్న ద్రవ్యోల్బణం 1983కి 3.2కి దిగింది. అప్పటికి కార్టర్ ఎప్పుడో ఓడిపోయి జార్జియాలో వేరుశనగ చేల దగ్గరికి చేరాడు. నాటింది ఒకరు, కుప్ప నూర్చుకున్నది రీగన్. అలాగని రీగన్‌ది ఉత్త అదృష్టం అంటే నేనొప్పుకోను. 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి పోయినా వోల్కర్‌ని పీకేయలేదు, 1983లో మళ్లీ ఆయన్నే నియమించాడు. ఆ మాట చెప్పుకోవడం రీగన్ భక్తులకే పెద్దగా ఇష్టం ఉండదు, హీరోయిజం తగ్గుతుందని కాబోలు.

పాపం పాత ప్రభుత్వం మీదికి నెట్టడానికి మన దగ్గర పత్రాల పద్ధతి ఉంది. 2014లో దిగిపోయిన ప్రభుత్వం ఆర్థిక నిర్వాకం మీద కేంద్రం 2024 ఫిబ్రవరిలో పార్లమెంటులో శ్వేతపత్రం పెట్టింది. పదేళ్లు నిద్ర పట్టలేదన్నమాట. అదే రోజు కాంగ్రెస్ బ్లాక్ పేపర్ తెచ్చింది. అంతకు రెండు నెలల ముందే తెలంగాణ అసెంబ్లీలో శ్వేతపత్రం, దానికి బీఆర్ఎస్ స్వేదపత్రం అయిపోయాయి. ఆరు నెలలు తిరిగేసరికి అమరావతిలో వరస శ్వేతపత్రాలు. కాగితం మిల్లులకైతే మంచికాలమే.

డల్లాస్ శివార్లలో మన తెలుగువాళ్ల పాట్‌లక్‌లకి వెళితే ఈ శాస్త్రం మొత్తం అల్యూమినియం ట్రేల మధ్య వినొచ్చు. ఫ్రిస్కోలో స్థిరపడిన మా బావగారు 2006లో ఇల్లు కొన్నారు. 2009లో దాని ధర పడిపోయింది. అది బుష్ చేసిన ఖర్మ. 2021లో రెట్టింపు దాటింది. అది బావగారి ముందుచూపు. ఎదుటాయన వదలడు.

“బుష్ ఏం చేశాడు బాసూ, బ్యాంకుల గేట్లు తీసింది 1999లో క్లింటన్ కాదూ?”

“క్లింటన్ మిగులు బడ్జెట్ చేతిలో పెట్టి వెళ్లాడండీ! పన్నులు తగ్గించి, రెండు యుద్ధాలు నెత్తినేసుకుని దాన్ని తగలేసింది ఎవరు?”

“మరి ఒబామా వచ్చాకే కదా నిరుద్యోగం 10 శాతానికి పోయింది?”

“2009 అక్టోబరులో! ఆయన వచ్చి తొమ్మిది నెలలు! మాంద్యం మొదలైంది 2007 డిసెంబరులో!”

అంకెలన్నీ కరెక్టే. అదే విషాదం. పన్నీర్ ట్రే ఖాళీ అవుతుంది గానీ వాదన కాదు.

ఈ గొడవలో ఆలన్ గ్రీన్‌స్పాన్ పేరు ఎత్తినవాడు ఒక్కడూ ఉండడు. 1987 నుంచి 2006 దాకా ఫెడరల్ రిజర్వ్ ఆయన చేతిలోనే ఉంది. రీగన్ తెచ్చాడు, పెద్ద బుష్ ఉంచాడు, క్లింటన్ ఉంచాడు, చిన్న బుష్ ఉంచాడు. 2008 అక్టోబరులో ఆయన కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తాను నమ్మిన సిద్ధాంతంలోనే లోపం కనబడిందని ఒప్పుకున్నాడు. నలుగురు అధ్యక్షులకూ సమానంగా పంచాల్సిన మనిషి కాబట్టి ఏ పార్టీకీ పనికిరాలేదు.

ఇంకా పనికిరాని పని ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు చేశారు. ఆలన్ బ్లైండర్, మార్క్ వాట్సన్ అనే ఆర్థికవేత్తలు ట్రూమన్ నుంచి ఒబామా మొదటి విడత దాకా లెక్కలన్నీ తీశారు. డెమొక్రాట్ అధ్యక్షుల కాలంలో వృద్ధి రేటు ఏడాదికి సుమారు 1.8 శాతం పాయింట్లు ఎక్కువ అని తేలింది. డెమొక్రాట్లు చప్పట్లు కొట్టబోయారు. ఎందుకలా అని ఇంకాస్త తవ్వితే చమురు ధరలు, ఉత్పాదకత, బయటి దేశాల పరిస్థితులు బయటపడ్డాయి. విధానాల కంటే అదృష్టం పాలే ఎక్కువ అని రాశారు. పోనీ ఈ మాట రిపబ్లికన్లు వాడుకుందామా అంటే మొదటి సగం అడ్డం. ఆ పరిశోధన ఇప్పుడు ఆర్థికశాస్త్రం విద్యార్థులు చదువుకుంటున్నారు.

బావగారి మావగారు తెనాలి నుంచి వచ్చారు. అమెరికా వచ్చిన పెద్దవాళ్లకి చూపించడానికి డల్లాస్‌లో ఉన్నవి తక్కువ, కెనడీని కాల్చిన చోటు అయ్యాక చిన్న బుష్ లైబ్రరీకి తీసుకెళ్లారు. అక్కడ ఒక థియేటర్ ఉంది. ఇరాక్ మీదికి పోవాలా, బ్యాంకుల్ని కాపాడాలా లాంటి సమస్య ఇస్తారు, తెర మీద సలహాదారులు తలో మాటా చెబుతారు, టైం అయిపోతోందని తొందర పెడతారు. మనం ఓటు నొక్కాక బుష్ తెర మీదికొచ్చి తాను ఏం చేశాడో, ఎందుకు చేశాడో చెబుతాడు. మావగారు బ్యాంకుల్ని మునగనిచ్చారు. ఆయన డిపాజిట్ ఒకటి ఊళ్లో ఓ సహకార బ్యాంకులో ఇరుక్కుని ఉందిలెండి. బుష్ మాటలు సాంతం విని బయటికొచ్చారు.

“ఈయన చెప్పేది బాగానే ఉంది గానీ అల్లుడూ, ఈయన ముందున్నాయన ఏమంటాడు?”

“క్లింటన్ లైబ్రరీ లిటిల్ రాక్‌లో మావయ్యగారూ. ఐదు గంటల డ్రైవు.”

“ఆయన ముందాయన?”

“పెద్ద బుష్. అది కాలేజ్ స్టేషన్, మూడు గంటలు. ఆయన ముందు రీగన్, అది కాలిఫోర్నియా. కార్టర్‌ది అట్లాంటా.”

“అసలు అన్నిటికంటే పాతాయన ఎవరు?”

బావగారు ఫోన్ తీసి చూశారు. అమెరికా ప్రభుత్వం నడిపే అధ్యక్ష లైబ్రరీల్లో అందరికంటే పాత అధ్యక్షుడు హూవర్. ఊరి పేరు వెస్ట్ బ్రాంచ్, అయోవా రాష్ట్రం.

“పన్నెండు గంటల పైనే మావయ్యగారూ. దారిలో మన తిండి దొరకదు.”

“పులిహోర కట్టించు,” అన్నారు మావగారు.