ఎంసీబీకి 30 డిగ్రీలని రాసిన పెద్దలకు

మహారాజశ్రీ ప్రమాణాలు రాసే పెద్దలకు, మలికిపురం నుంచి రాస్తున్నాను.

ఇళ్లలో పెట్టే ఎంసీబీని, అదే కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్చిని, 30 డిగ్రీల దగ్గర సరిచూస్తే చాలని తమరు సెలవిచ్చారు. ధన్యులమండి. మే నెలలో మా ఊళ్లో 30 డిగ్రీలు ఎప్పుడుంటాయో తెలుసా? తెల్లారగట్ల. అప్పటికి మేం ఏసీలు కట్టేస్తాం కూడా.

నిన్న మధ్యాహ్నం రెండింటికి మా ఎంసీబీ మళ్లీ టప్‌మని పడిపోయింది. పడమటి గోడ, పైన సిమెంటు రేకులు, మూతేసిన ప్లాస్టిక్ పెట్టె, అందులో ఒకదాన్నొకటి ఆనుకున్న ఎంసీబీలు. లోపలి లోహపు పట్టీ ఎండకే సగం వంగిపోతే, కరెంటుకి వంగడానికి ఇంకేం మిగిలిందండి? 16 ఆంపియర్ల ఎంసీబీ మీద ఎనిమిదేసి ఆంపియర్ల ఏసీలు రెండు. కాగితం మీద సరిపోయింది. తమరి 30 డిగ్రీల గదిలో అయితే నిలబడేదే.

ఎలక్ట్రీషియన్ అబ్బాయి వచ్చి, "వీకైపోయిందండి, 32ది వేసేద్దాం" అన్నాడు. అక్కడే ఒళ్లు మండింది. వెనకున్నది రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు! గోడలో పైపులోంచి పోతే అది 24 ఆంపియర్లు మోస్తుందని అంతర్జాతీయ పట్టిక. అదీ 30 డిగ్రీల్లోనే. మామూలు పీవీసీ తొడుగు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదు. చుట్టూ 50 ఉంటే 0.71 వంతు, అంటే 17 ఆంపియర్లే. రేకుల కింద 60కి చేరితే సగమే, 12. ఆ లెక్కన మా 16దే ఎక్కువ! మా ఇంట్లో బుద్ధున్నది పడిపోతున్న ఆ ఎంసీబీ ఒక్కటే.

ఇక 32ది వేస్తే? చుట్టాలొచ్చి ఇంకో నాలుగు సామాన్లు తగిలించినప్పుడు 46 ఆంపియర్లు పోతున్నా, గంటలోపు ఎప్పుడు పడినా తప్పులేదని రాసింది తమరే. ఆ గంటసేపు వైరు వేడికి మా అటక సంగతేంటి? దాని మీద కురిడీ కొబ్బరికాయలున్నాయండి బాబూ!

 

వేడికి ఆంపియర్లు తగ్గించే లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయంటారు. ఉన్నాయి, కాదనను. ఇంజనీర్ల బీరువాల్లో ఉన్నాయి. రాజోలు కొట్లో వైరు కొనేవాడికి ఎవరు చెబుతారు? నేను కొన్న చుట్ట పెట్టె మీద 90 మీటర్లని ఉంది, మంటని తట్టుకుంటుందని ఉంది. ఎండలో ఎంత మోస్తుందో మాత్రం లేదు.

మూడు అంకెలు చాలండి: 30కి 24, 50కి 17, 60కి 12. ఆ రెండున్నర చుట్ట పెట్టె మీద తెలుగులో అచ్చేయించండి. దండం పెడతాను, రోహిణి కార్తె వచ్చేస్తోంది.

ఈలోగా చదివేవాళ్లకో మాట. పెద్ద ఎంసీబీ వేద్దామని ఎవరన్నా ఒప్పుకోకండి. ఏసీకో వైరు, ఏసీకో ఎంసీబీ విడిగా లాగించుకోండి. పెట్టెని రేకుల కింద నుంచి నీడ గోడకి మార్పించండి.

ఇట్లు,
మలికిపురం నుంచి ఒక వినియోగదారుడు