బోల్డు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: శీర్షికలన్నియు బోల్డు అక్షరములలో, 16 సైజున, పుట నడుమ, క్రింద గీతతో నుండవలెను.

అవతారిక: పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం సమర్పించబోయే విద్యార్థి చేతికి వచ్చే నిబంధనల కాగితాల్లో ఈ తీరు సూత్రం తరచు కనిపిస్తుంది. కర్త అజ్ఞాతుడు, బహుశా ఒక కమిటీ. కాలనిర్ణయానికి మాత్రం అంతర్గత సాక్ష్యం ఉంది. కింద గీత టైపుమిషన్ నాటి ఉపాయం, కనుక అది మూలపాఠం. బోల్డూ 16 సైజూ కంప్యూటర్ వచ్చాక ఎవరో చేర్చిన ప్రక్షిప్తాలు. సూత్రాన్ని మీరిన ప్రతిని గుమాస్తా తిప్పి పంపుతాడు కాబట్టి దీనికి వేదప్రామాణ్యం ఉన్నట్టే లెక్క.

బోల్డు అంటే ఏమిటో, 16 అంటే ఎంతో అందరికీ తెలుసు గనుక ప్రతిపదార్థం రాయడం లేదు. అవసరం లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి కావ్యాలకు వ్యాఖ్యలు రాసినవాడు కోలాచలం మల్లినాథసూరి. ఈ వ్యాఖ్యాత అంత కఠినమైన ప్రతిజ్ఞ ఏదీ చేయలేదు.

లక్షణపరీక్ష: దేనికైనా లక్షణం చెబితే మూడు దోషాలు లేకుండా చెప్పాలని తార్కికుల పట్టు. అన్నంభట్టు తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్యా తానే రాసుకుని, అందులో ఆవును ఉదాహరణగా తెచ్చాడు. ఆవంటే కపిలవర్ణం గలది అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములు గలది అంటే గేదె కూడా వచ్చి చేరుతుంది; అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది అంటే ఏ ఆవుకూ పొసగదు, అది అసంభవం. అన్నంభట్టుకు మూడు దోషాలు చూపడానికి మూడు వాక్యాలు కావలసి వచ్చాయి. కమిటీ ఒక్క వాక్యంతో సరిపెట్టింది.

ఎలాగంటే, బోల్డులో ఉన్నదే శీర్షిక అన్నప్పుడు వాలు అక్షరాల్లో ఉన్న మూడో స్థాయి ఉపశీర్షిక జారిపోతుంది. బోల్డులో ఉన్నదల్లా శీర్షిక అన్నప్పుడు ‘గమనిక’ అన్న మాటా, పట్టికలో మొదటి వరుసా, గైడుగారి పేరూ శీర్షికలైపోతాయి. ఇక అసంభవం. మైక్రోసాఫ్ట్ వర్డ్ దృష్టిలో బోల్డు ఎంత ముదిరినా శీర్షిక కాదు. దానికి కావలసింది పేరాకు తగిలించిన అవుట్‌లైన్ స్థాయి. హెడింగ్ 1 నుంచి హెడింగ్ 9 దాకా ఉన్న స్టైళ్లు ఆ స్థాయిని వెంటబెట్టుకొస్తాయి. అది లేని పేరా ఎంత లావుగా ఉన్నా బాడీ టెక్స్టే. లిబ్రె ఆఫీస్‌లో ఎఫ్5 నొక్కితే తెరుచుకునే నావిగేటర్‌దీ ఇదే మతం.

పూర్వపక్షం: కంటికి శీర్షికలా కనబడితే చాలదా? ప్రత్యక్షం ప్రమాణం కాదా?

సమాధానం: ఎవరి ప్రత్యక్షం? చూపులేని పరిశోధకుడు ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో చదువుతాడు. బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, 1 నొక్కితే తర్వాతి మొదటి స్థాయి శీర్షికకు చేరాలి. సూత్రాన్ని అక్షరాలా పాటించిన గ్రంథంలో ఎన్నిసార్లు నొక్కినా, ముందు శీర్షికేదీ లేదన్న మాటే వినిపిస్తుంది. నాలుగో అధ్యాయం కావలసినవాడు మొదటి అధ్యాయం నుంచి విని తీరాలి. గీత తిన్నగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసే కమిటీకి ఈ సంగతి ఒక్కసారైనా తట్టలేదు. ఇక్కడ వ్యాఖ్యాతకు నవ్వు రావడం లేదు.

ప్రాసంగికం: తాటాకుల్లో బోల్డు లేదు, 16 సైజూ లేదు. గంటంతో గీసిన అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే పరిమాణం. అయినా పాఠకుడు తప్పిపోలేదు. తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. ప్రతి ఆశ్వాసం హరిహరనాథుడి సంబోధనతో మొదలవుతుంది, చివర గద్య వస్తుంది. అందులో తండ్రి కొమ్మన పేరు, ఉభయకవిమిత్ర బిరుదు, గ్రంథం పేరు, పర్వం పేరు, ఎన్నో ఆశ్వాసమో అన్నీ ఉంటాయి. పర్వం మొదటి స్థాయి, ఆశ్వాసం రెండో స్థాయి. విరాటపర్వంలో 5 ఆశ్వాసాలుంటే అయిదింటికీ అదే పద్ధతి. అధ్యాయం పేరు అధ్యాయం చివర పెట్టడం నేటివారికి వింతగా తోచవచ్చు గానీ, అలాంటి గద్యలు లేకపోతే పలువురు కలిసి రాసిన తెలుగు భాగవతంలో ఎవరి పాలు ఎంతో తేల్చడం కష్టమయ్యేది. పంచమస్కంధం బొప్పరాజు గంగనది, షష్ఠం ఏర్చూరి సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి అని చెప్పేది స్కంధాంత గద్యలే. రాయసగాడు అక్షరం మార్చాడు, పాదం మింగాడు, పద్యం చొప్పించాడు. గద్యను మాత్రం దాని స్థానంలోనే ఉంచాడు. గద్యల మీద ఇంకా చాలా చెప్పవచ్చు. కానీ విద్యార్థి గడువు దగ్గర పడుతోంది.

చికిత్స: హెడింగ్ స్టైల్ పెట్టినా, వర్డ్‌లో శీర్షికల జాబితా చూపే నావిగేషన్ పేన్‌లో శీర్షిక కనబడలేదంటే అది పట్టికలోనో టెక్స్ట్ బాక్సులోనో ఇరుక్కుని ఉంటుంది, పేన్ అక్కడికి తొంగిచూడదు. పేరాకు పేరా పేన్‌లోకి వచ్చి కూర్చుంటే, మామూలు పేరాకు ఎవరో హెడింగ్ స్టైలో అవుట్‌లైన్ స్థాయో తగిలించారు. అధ్యాయాల నంబర్లు 2 తర్వాత 4కు దూకితే, నంబరున్న హెడింగ్ స్టైల్‌లో ఒక ఖాళీ పేరా మూడును మింగి కూర్చుంది. ఒక్క శీర్షికను ముట్టుకుంటే అన్నీ మారిపోతుంటే, స్టైల్ సవరించే పెట్టెలో ఆటోమేటికల్లీ అప్‌డేట్ గడికి టిక్ ఉంది. చేత్తో పూసిన పూత తుడవడానికి అక్షరాలకు కంట్రోల్ స్పేస్, పేరాకు కంట్రోల్ క్యూ. చుక్కలు చుక్కలుగా టైపు చేసిన విషయసూచికకు చికిత్స లేదు. తీసేసి, ఆటోమేటిక్ సూచిక పెట్టి, మార్పు చేసినప్పుడల్లా ఎఫ్9 నొక్కాలి.

తెలుగు గ్రంథాలకు రెండు విశేషబాధలు. ఫాంట్ పెట్టెలో లాటిన్ లిపికి ఒక గడి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు వేరొక గడి. తెలుగు రెండోదాని కిందికి వస్తుంది. మొదటి గడిలోనే 16 వేసి ఊరుకుంటే ఇంగ్లిషు మాటలు పెరుగుతాయి, పక్కనున్న తెలుగు అలాగే ఉండిపోతుంది. రెండోది అను ఫాంట్ల బాధ. అవి లాటిన్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు కూర్చినవి. పుటలో చక్కటి తెలుగు. పేన్ తన సొంత ఫాంటు వాడుతుంది గనుక అక్కడ అర్థంలేని లాటిన్ ముక్కలు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. నిబంధనల కాగితం మాత్రం ఏ సంకేతంలో టైపు చేయాలో చెప్పకుండా సైజు చెబుతుంది.

పాఠాంతరం: ‘శీర్షికలకు స్థాయినిబట్టి హెడింగ్ స్టైళ్లు వాడవలెను, రూపమును స్టైలులోనే నిర్ణయింపవలెను.’ ఈ పాఠం స్వీకరిస్తే కమిటీకి పోయేదేమీ లేదు. హెడింగ్ 1 స్టైల్‌నే బోల్డు, 16, నడుమ, గీతతో ఒక్కసారి సవరించి పెడితే పాత సూత్రమూ నెరవేరుతుంది. అలా సవరించిన టెంప్లేట్ ఫైలు ఒకటి వెబ్‌సైట్‌లో పెడితే విద్యార్థులు దాన్నే దించుకుంటారు. అయితే చాలాచోట్ల అక్కడ ఉన్నది నిబంధనల కాగితాన్ని కాస్త ఏటవాలుగా స్కాన్ చేసిన పీడీఎఫ్. యంత్రానికి అందులో ఒక్క అక్షరమూ లేదు, అంతా బొమ్మే. గుండ్రటి ముద్ర మాత్రం స్పష్టంగా పడింది.