దేవకీ వసుదేవులకు పోస్టల్ బ్యాలెట్

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి 2024 మే 13న ఓటెయ్యలేదు. బద్ధకించి కాదు. ఆ రోజున ఆయన శ్రీకృష్ణ జన్మస్థానంలో ఉన్నాడు. అంతకు కొన్ని వారాల ముందు పక్క బడ్డీవాడితో నీళ్ల బిందె దగ్గర మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న ఇస్త్రీ పెట్టె పైకెత్తాడు. ఎత్తానంతే, విసర్లేదంటాడు. ఎఫ్ఐఆర్‌లో మాత్రం పెట్టె గాల్లో ఎగిరింది, అందులో బొగ్గులు నిప్పులు కక్కాయి, మొత్తంగా అదొక మారణాయుధమైంది. హత్యాయత్నం, రిమాండు.

ఓటరు స్లిప్పు మాత్రం టంచనుగా వచ్చింది. ఇంటికి తాళం కనబడితే బీఎల్వో గారు దాన్ని తెచ్చి బండి మీద రాయి కింద పెట్టి వెళ్లారు. జాబితాలో పేరుంది, బూత్ నంబరుంది. మనిషే లేడు.

బెయిలు మీద వచ్చాక ఓ సాయంత్రం నా చొక్కా మడతపెడుతూ చెప్పాడు. “లోపల ఓటెయ్యనిస్తారా అని అడిగానండి. నవ్వారండి. ఓటు కుదరదు గానీ కావాలంటే నామినేషనేస్కో అన్నారండి. మరీ అంత వెటకారమైతే ఎలాగండి బాబూ?”

వెటకారం కాదు, చట్టమే అలా ఉందని చెబితే ఆయన నమ్మలేదు. ఆయన్ని అనడమెందుకు, మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు.

2013 జులై 10న సుప్రీంకోర్టు ఒకే రోజు రెండు తీర్పులిచ్చింది. ప్రజాప్రతినిధికి రెండేళ్లో ఆపైనో శిక్ష పడితే పదవి అక్కడికక్కడే ఊడుతుందని మొదటిది. జైల్లో ఉన్నవాడికి ఓటే లేదు కాబట్టి వాడు ఓటరు కాడు, ఓటరు కానివాడు పోటీకీ పనికిరాడని రెండోది. రెండో తీర్పుతో మన పార్లమెంటుకి ఒళ్లు జలదరించింది. మహిళా రిజర్వేషన్ బిల్లుని 1996 నుంచి 2023 దాకా నానబెట్టిన సభ, ఈ ముప్పును మాత్రం కొద్ది నెలల్లోనే తప్పించుకుంది. చట్టానికి చిన్న అతుకేసింది: లోపలున్నవాడు ఓటెయ్యకూడదు, కానీ ఓటరు కాకుండా పోడు. ఓటరే కాబట్టి నిలబడొచ్చు. పెళ్లికొడుకే, పీటల మీద కూర్చోవచ్చు, అక్షింతలు వేయించుకోవచ్చు, తాళి మాత్రం కట్టకూడదు.

“అయితే నిలబడాల్సిందయ్యా” అన్నాను.

“డిపాజిట్టెంతండి?”

“అసెంబ్లీకైతే పది వేలు.”

“అంతుంటే బెయిలే తెచ్చుకునేవాణ్ణి కదండీ.”

శిక్ష పడ్డవాళ్లకి ఓటు ఉండాలా వద్దా అని చదువుకున్నవాళ్లు తెగ వాదించుకుంటూ ఉంటారు. నేరస్తుడు ఓటేస్తే ప్రజాస్వామ్యం మైలపడిపోతుందని ఒకాయన, మనిషన్నాక ఓటుండాలని మరొకాయన. వాళ్లకి మనవి చేసేదేమిటంటే, మన దేశంలో ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. శిక్ష పడ్డవాడికి ఓటుంది, నిక్షేపంగా ఉంది. అప్పీలు వేసుకుని, శిక్ష నిలిపివేయించుకుని, బెయిలు మీద ఇంట్లో కూర్చుంటే చాలు. ఉదయాన్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, సకుటుంబ సమేతంగా వెళ్లి ఓటేసి, సిరా వేలు టీవీలకి చూపించి, ఓటు హక్కు పవిత్రత మీద రెండు ముక్కలు చెప్పొచ్చు. ఓటు లేనిది శిక్ష పడనివాడికి, అంటే మా ఇస్త్రీ ఆయనకి.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్‌లో ఉంది ఈ తిరకాసంతా. జైలుశిక్షలో గానీ, ద్వీపాంతరవాస శిక్షలో గానీ, మరోవిధంగా గానీ జైల్లో ఉన్నవాడు ఓటెయ్యరాదు. పోలీసు కస్టడీలో ఉన్నవాడూ ఎయ్యరాదు. ద్వీపాంతరవాసం చూశారా? ఆ శిక్షను 1955లోనే రద్దు చేశారు. అయినా ఈ చట్టంలో అది పదిలంగా ఉంది. అండమాన్ ఓడ ఎక్కించినవాడెవడైనా ఈదుకుంటూ వచ్చి మన బూత్‌లో వరస నిలబడతాడేమోనని కాబోలు.

కానీ అసలు మహిమ ‘మరోవిధంగా’ అన్న మాటలో ఉంది. 2022 చివరి లెక్క ప్రకారం దేశంలో ఖైదీలు 5,73,220 మంది. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే నూటికి డెబ్భై అయిదుకు పైనే. నేరం చేశారో లేదో ఇంకా ఏ కోర్టూ చెప్పని ఇంతమంది ఆ ఒక్క మాటలో ఇమిడిపోయారు. ఇందులో ఎందరికి బెయిలు రాక, ఎందరికి బెయిలొచ్చినా జామీనుదారు దొరక్క లోపలున్నారో విడదీసి చూస్తే, ఈ సెక్షన్ నేరం మీద పెట్టిందా లేక పాస్‌బుక్ మీద పెట్టిందా అన్నది తెలిసిపోతుంది.

ఇదే ఉపసెక్షన్‌కి ఒక మినహాయింపుంది. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లకి ఈ నిషేధం వర్తించదు. వాళ్లకి పోస్టల్ బ్యాలెట్ పంపాలి. అంటే, బయట తిరిగితే దేశానికే ముప్పని సర్కారు భయపడి, విచారణ కూడా లేకుండా లోపల పెట్టిన మనిషి ఓటెయ్యొచ్చు. బిందె దగ్గర ఇస్త్రీ పెట్టె ఎత్తినవాడు ఎయ్యకూడదు. ఈ చట్టం మన పురాణాలకి ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. దేవకీ వసుదేవులు చేసిన నేరం ఏమీ లేదు. ఎనిమిదో బిడ్డ వల్ల ప్రభువులకి ప్రాణహాని ఉందని ఆకాశవాణి నుంచి ఇంటెలిజెన్స్ రిపోర్టు వచ్చింది, కంసుడు పట్టుకెళ్లి లోపలేశాడు. అచ్చమైన ముందస్తు నిర్బంధం. కాబట్టి మథురలో ఎన్నికలంటూ జరిగి ఉంటే ఆ దంపతులిద్దరికీ పోస్టల్ బ్యాలెట్ హక్కుభుక్తం.

మన భక్త రామదాసు సంగతి వేరు. తహసీల్దారు ఉద్యోగంలో ఉండి, ఖజానాకి కట్టాల్సిన ఆరు లక్షలు భద్రాద్రి గుడికి ఖర్చు పెట్టేశాడన్నది అభియోగం. పన్నెండేళ్లు గోల్కొండ ఖైదు. ఓటు లేదు. కథ ప్రకారం సాక్షాత్తూ రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకి డబ్బు కట్టి రసీదు పుచ్చుకుంటే గానీ తలుపు తెరుచుకోలేదు. అంతటి జామీనుదార్లు అందరికీ దొరకొద్దూ! మా ఇస్త్రీ ఆయనకి ఇద్దరు కావాలన్నారు. ఒకరు బావమరిది. రెండోవాడి కోసం నెల పట్టింది.

1997లో ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని ఒకరు సుప్రీంకోర్టుకెళ్తే కోర్టు ఒప్పుకోలేదు. తన నడవడి వల్ల జైలుకెళ్లినవాడు బయటివాళ్లతో సమానంగా హక్కులడగలేడంది. ఇంకో కారణం కూడా చెప్పింది: ఖైదీలందరికీ ఓటు ఏర్పాట్లంటే బందోబస్తుకి, సిబ్బందికి చాలా వనరులు కావాలి.

ఈ రెండో కారణం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. గుజరాత్‌లో గిర్ అడవి నడుమ బాణేజ్‌లో ఒకే ఒక్క సాధువు ఓటు కోసం సింహాల మధ్య నుంచి పోలింగ్ సిబ్బంది పెట్టె బేడాతో వెళ్లిన చరిత్ర మన ఎన్నికల సంఘానిది. 2024లో ఎనభై అయిదేళ్లు దాటిన పెద్దలకి ఇంటికే బ్యాలెట్ తెచ్చి ఓటేయించుకుని వెళ్లారు. ముచ్చటగా ఉంది, దండం పెట్టాలి. అంతటి ఘనులకి ఊరి మధ్యలో, బస్సు స్టాపుతో సహా ఉన్న సెంట్రల్ జైలుకి దారి తెలియలేదంటే ఎలా?

నన్నడిగితే పోలింగ్ బూత్‌కి జైలంత అనువైన చోటు లేదు. ప్రహరీ ఉంది, తుపాకీ కాపలా ఉంది, సీసీ కెమెరాలున్నాయి. ఓటర్లకి రోజూ హాజరు వేస్తారు కాబట్టి దొంగ ఓటు ప్రసక్తే లేదు. వరస తప్పితే సరిచేసే మనుషులున్నారు. పోలింగ్ శాతం కోసం సినిమా తారలతో ప్రకటనలు తీయనక్కర్లేదు; ఆ రోజు వాళ్లకి వేరే కార్యక్రమమేమీ ఉండదు. అన్నిటికంటే ముఖ్యం, ముందురోజు రాత్రి మనిషిని తలుపు కొట్టి లేపి కవరు చేతిలో పెట్టడం కుదరదు. బహుశా ఆ ఇబ్బంది వల్లే ఏ పార్టీ కూడా ఖైదీల ఓటు గురించి గొంతు చించుకోలేదు. పంచడానికి వీల్లేని చోట ఓటరెందుకు, దండగ!

పోనీ జైలుగోడ దాటి ఓటు పడకూడదన్న నియమమైనా గట్టిగా ఉందా అంటే, అదీ లేదు. 2008 జులై 22న మన్మోహన్ సింగ్ ప్రభుత్వం లోక్‌సభలో బలం నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు, జైళ్లలో ఉన్న ఎంపీలు కొందర్ని పోలీసు కాపలాతో ఢిల్లీకి తెచ్చారు. శిక్ష పడి అప్పీల్లో ఉన్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. దేశాన్ని ఎవరు ఏలాలన్న ఓటు అది. 275 మంది ఔనన్నారు, 256 మంది కాదన్నారు, ప్రజాస్వామ్యం ఏమీ మైలపడలేదు. వీళ్లు తమ వార్డు స్కూల్లో, బెంచీ మీద అట్టపెట్టె చాటున మీట నొక్కుతామంటే మాత్రం చట్టం ఒప్పుకోదు.

2022 జూన్‌లో మహారాష్ట్రలో ఇదే నాటకం ఇంకా రంజుగా జరిగింది. నవాబ్ మాలిక్, అనిల్ దేశ్‌ముఖ్ అప్పటికి జైల్లో ఉన్న ఎమ్మెల్యేలు. శాసన మండలి ఎన్నికలో ఓటేస్తామంటే, 62(5) ఉంది కుదరదని 20వ తేదీన సుప్రీంకోర్టు చెప్పింది. 29న అదే కోర్టు, మర్నాటి బలపరీక్షకు వెళ్లి రావచ్చని అనుమతిచ్చింది. ఉద్ధవ్ ఠాక్రే ఆ రాత్రే రాజీనామా చేసి వాళ్లకి ప్రయాణం తప్పించారు గానీ, లేకుంటే ఎమ్మెల్సీని ఎన్నుకోకూడని ఇద్దరు ముఖ్యమంత్రి భవితవ్యం తేల్చేవాళ్లే.

2024లో లోపలి నుంచే లోక్‌సభకి పోటీ చేసి గెలిచినవాళ్లు ఇద్దరు. తిహార్‌లో ఉన్న ఇంజనీర్ రషీద్ బారాముల్లాలో ఒమర్ అబ్దుల్లాని రెండు లక్షల పైచిలుకు తేడాతో ఓడించారు. దిబ్రూగఢ్ జైల్లో ఉన్న అమృత్‌పాల్ సింగ్ ఖడూర్ సాహిబ్‌లో గెలిచారు. రెండోవారు అప్పట్లో జాతీయ భద్రతా చట్టం కింద ముందస్తు నిర్బంధం, అంటే వసుదేవుడి కోటా. పోస్టల్ బ్యాలెట్‌కి అర్హులు. మొదటివారు విచారణ ఖైదీ. లక్షల మంది తన గుర్తు మీద నొక్కొచ్చు, తాను నొక్కకూడదు.

శిక్ష పూర్తి చేసుకుని బయటికొచ్చినవాడి సంగతి దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. రెండేళ్లు, ఆపైన శిక్ష అనుభవించి గేటు దాటినవాడు మర్నాడే ఓటెయ్యొచ్చు, ఆరేళ్లదాకా పోటీ మాత్రం చెయ్యకూడదు. నేరం రుజువు కాని మనిషి లోపల నిలబడొచ్చు, ఓటెయ్యకూడదు. ఆ గేటు దగ్గర బంట్రోతుకైనా అర్థమయ్యేలా ఇది రాయగలిగినవాళ్లు ఉంటే పద్మశ్రీ ఇవ్వాలి.

మనమే ఇలా ఏడ్చామనుకోకండి. అమెరికాలో ఫ్లోరిడా జనం 2018లో ఓటింగ్ పెట్టుకుని మరీ, శిక్ష పూర్తయినవాళ్లలో చాలామందికి ఓటు తిరిగిచ్చారు. మరుసటేడు అక్కడి చట్టసభ, జరిమానాలూ కోర్టు ఖర్చులూ పైసాతో సహా కట్టాకే అని మెలిక పెట్టింది. తానీషా పద్ధతే, రసీదు చూపించాలి. అదే ఫ్లోరిడాలో 2024 నవంబరులో, న్యూయార్క్ కోర్టు 34 అభియోగాల్లో దోషిగా తేల్చిన ఒక పెద్దమనిషి దర్జాగా ఓటేసి వచ్చారు. న్యూయార్క్ చట్టం ప్రకారం జైల్లో లేనివాడికి ఓటుంటుందట. ఆయనేసిన ఓటూ వృథా కాలేదు, అధ్యక్షుడయ్యారు. ఇంకా చిత్రం, అదే దేశంలో మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఖైదీలు జైల్లోంచే ఓటేస్తారు. అక్కడ ఆకాశం కూలినట్టు వార్తేమీ రాలేదు.

మన 18వ లోక్‌సభలో 543 మందికి గాను 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో వాళ్లే రాసిచ్చారు. కేసు ఉన్నంత మాత్రాన నేరస్తుడు కాదని వాళ్లందరూ అంటారు. నిజమే. ఆ నిజం మా ఇస్త్రీ బండి దాకా రాలేదు, అంతే తేడా.

మొన్న మళ్లీ బండి దగ్గర ఆగాను. బొగ్గులు రాజేస్తూ ఉన్నాడు. పక్కన మా వార్డు నాయకుడి ఖద్దరు జతలు కుప్పగా ఉన్నాయి. ఆయనకీ నాలుగు కేసులున్నాయి, పదేళ్లుగా వాయిదాలు నడుస్తున్నాయి.

“నీ కేసు ఎందాకా వచ్చింది?” అన్నాను.

“సాక్షి రాలేదని వాయిదా ఏశారండి. పోయిన్సారి మా ప్లీడరు గారు రాలేదండి.”

“త్వరగా తేల్చమని గట్టిగా అడగొద్దూ?”

ఖద్దరు చొక్కా మీద నీళ్లు చిలకరించి, పెట్టె కాలిందో లేదో వేలికి తడి చేసి చూసుకున్నాడు.

“వద్దండి బాబూ. తేలి శిక్ష పడితే లోపలికెళ్లాలి. ఇలా నడుస్తా ఉంటే, వచ్చే ఎలక్షన్‌కి నా ఓటు నాకుంటుంది కదండీ.”