నీలి మసి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆన్‌లైన్‌లో ఆదాయపు పన్ను రిటర్ను వేసి ‘సబ్మిట్’ నొక్కినవాడు పని అయిపోయిందనుకుంటాడు. కాలేదు. దాన్ని ధ్రువీకరించేదాకా అది దాఖలైనట్టు కాదు. ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ధ్రువీకరించలేనివారు ఐటీఆర్-వి అనే ఒక్క పేజీ పత్రాన్ని బెంగుళూరుకు టపాలో పంపుకోవాలి. ఆ విధిని చెప్పేదే ఈ ఆటవెలది.

మూలం:
నీలి మసిని వ్రాలు నిండుగా, మడవక
పిన్ను గుచ్చ కొక్క పేజి నంపు
నెలదినముల లోన నిశ్చయముగఁ జేర
బెంగుళూరు కేంద్ర పీఠమునకు

ప్రతిపదార్థం: నీలి మసిని = నీలం సిరాతో; వ్రాలు = సంతకమును; నిండుగా = పూర్తిగా (చేసి); మడవక = మడత పెట్టక; పిన్ను గుచ్చక = స్టేప్లరు జోలికి పోక; ఒక్క పేజిన్ = ఐటీఆర్-వి పత్రమును మాత్రమే; నెలదినముల లోన = ముప్పై రోజుల లోపల; నిశ్చయముగన్ = తప్పక; చేరన్ = చేరునట్లుగా; బెంగుళూరు కేంద్ర పీఠమునకు = సీపీసీకి, అనగా 2009లో ఏర్పడిన కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రానికి (పిన్ కోడ్ 560500); అంపు = పంపుము.

విశేషాలు: ‘చేసి’ అన్న క్రియ మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. సంతకమే లేకుండా కవరు అంటించి పంపేవారు లోకంలో ఉన్నారు కనుక కవి ఆ క్రియను మింగడం సాహసమే. సంతకం అసలుదై ఉండాలి. సంతకం చేసిన కాగితానికి జిరాక్సు తీసి పంపితే చెల్లదు. నీలమే ఎందుకంటే, నలుపు సంతకం జిరాక్సులోని నలుపులో కలిసిపోతుంది, నీలం కలవదు.

‘మడవక’ అన్న నిషేధానికి ప్రాణం బార్‌కోడ్. ఆ గీతల మీదుగా మడత పడినా, ప్రింటు వెలిసినా యంత్రం చదవలేదు. అందుకే ఏ4 కాగితం, ఏ4 కవరు శ్రేష్ఠం. ‘ఒక్క’ అన్నది అవధారణార్థకం: ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంటు, “అయ్యా, తమ దివ్య సముఖమునకు” అనే కవరింగ్ లెటరు, ఏవీ జత చేయరాదు. పత్రం పీడీఎఫ్‌గా వస్తుంది. అది తెరుచుకునే మంత్రం: పాన్ సంఖ్య చిన్న అక్షరాలలో, దాని వెంట పుట్టిన తేదీ అంకెలలో.

పాఠాంతరాలు: ‘నెలదినముల’ అన్నచోట ప్రాచీన ప్రతులలో నూట ఇరవై దినాలని ఉంది. 2022 ఆగస్టు 1 నుంచి ఇప్పటి పాఠం చెలామణీలోకి వచ్చింది. అప్పటి నోటిఫికేషన్ స్పీడు పోస్టును మాత్రమే ఒప్పుకుని, టపాలో వేసిన తేదీనే లెక్కపెట్టింది. 2024 మార్చి 31 నాటిది మామూలు పోస్టును సైతం మన్నించింది గానీ, బెంగుళూరులో అందిన తేదీయే ప్రమాణమని తేల్చింది. ‘నిశ్చయముగఁ జేర’ అన్న మాటకు అసలు బరువు అప్పుడే వచ్చింది. ఇక పూర్వకాలపు చిరునామా ఎలక్ట్రానిక్ సిటీ పోస్టాఫీసులోని ఒకటో నంబరు పోస్టు బాక్సు. కొరియర్ కుర్రవాడు పోస్టు బాక్సులోకి దూరలేడు కనుక ఆనాడు కొరియర్ నిషిద్ధం.

పూర్వపక్షం: ఆన్‌లైన్‌లో దాఖలు చేసినదానికి టపా ఏల? ఇది విరోధాభాసాలంకారం కాదా?

సమాధానం: అవును, అదే. పరిహారం ఏమనగా: సంఖ్యలు తీగ మీద వెళ్ళగలవు. డిజిటల్ సంతకమో, ఆధార్‌కు లంకె వేసిన ఫోనో, నెట్ బ్యాంకింగో వంటివేవీ లేనివాడికి “ఇవి నా లెక్కలే” అని ఒప్పుకునే సాధనం చేతి వ్రాలొక్కటే. ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధులకు ఈ చర్చే లేదు. ఐటీఆర్-1, ఐటీఆర్-4 వేసేవారైతే రిటర్నునే కాగితంపై ఇచ్చుకోవచ్చు.

తాత్పర్యం: కంప్యూటరు ముందు ఎంత తలబద్దలు కొట్టుకున్నా, చివరకు రిటర్ను ఊపిరి బాల్‌పెన్నులో ఉన్నది.

ఫలశ్రుతి: ముప్పై రోజులలో పత్రం చేరితే, అప్‌లోడ్ చేసిన రోజే దాఖలు తేదీ. దాటితే, చేరిన రోజే దాఖలు తేదీ అవుతుంది. అప్పటికి రిటర్ను దాఖలు గడువు ముగిసి ఉంటే 1961 నాటి చట్టంలోని 234ఎఫ్ సెక్షను కింద 5,000 రూపాయల ఆలస్య రుసుము. మొత్తం ఆదాయం అయిదు లక్షలు మించనివారికి 1,000. పత్రం ఎన్నటికీ చేరకపోతే రిటర్ను వేయనట్టే లెక్క, రావలసిన రీఫండు కూడా రాదు.